అమ్మకు పర్యాయపదాలు

ఉతికిన బట్టలు మడతపెడుతూ మా అమ్మాయి తెలుగు నోటుపుస్తకం తిరగేస్తున్నాను. రేపు టీచరు చూస్తారు. వ్యతిరేక పదాలు బాగానే రాసింది. న్యాయానికి అన్యాయం, సుఖానికి దుఃఖం. పర్యాయపదాల దగ్గరికొచ్చేసరికి మడతపెట్టడం ఆపేశాను. 'అమ్మ'కి ఎదురుగా గుండ్రటి అక్షరాలతో మూడు మాటలున్నాయి. ఏమే, మొద్దు, నిన్నే.

నేను చదివింది పదో తరగతి వరకే. ఇది తప్పని తెలియడానికి ఆ చదువు చాలు. టీచరు క్లాసులో పైకి చదివేస్తారేమో, పిల్లలు నవ్వుతారేమో, మా ఆయన్ని బడికి పిలిపిస్తారేమో, ఆ కోపం ఇంటికొచ్చి ఎవరి మీద పడుతుందో. ఆయన చెడ్డమనిషేం కాదని నాకు నేనే చెప్పుకుంటూ ఉంటాను. పెళ్లయిన కొత్తలో ఒకసారి ధైర్యం చేసి, పేరు పెట్టి పిలవండి అని అడిగాను. "ముద్దుకీ మొద్దుకీ పెద్ద తేడా ఏముందే" అని నవ్వారు. పక్కనే ఉన్న అత్తగారు "పిలిచేవాడంటూ ఉన్నాడు, సంతోషించు" అన్నారు. తొమ్మిదేళ్లుగా సంతోషిస్తూనే ఉన్నాను.

పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"పర్యాయపదాలంటే ఏంటి?"

"ఒకదానికే ఉండే వేరే వేరే పేర్లు."

"మరి ఇవి పేర్లు కావు కదమ్మా. తల్లి, జనని, మాత. అవీ పేర్లు."

అది కిసుక్కున నవ్వింది. "జననీ, టవలేదీ అని నాన్న అంటారా?"

"అనరు. పుస్తకంలో ఉంటాయవి. నువ్వు రాసినవి తిట్లు."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. గబుక్కున తలుపు వైపు చూశాను. పిల్ల నవ్వు ఆపేసింది.

"తిట్లయితే నువ్వెందుకు పలుకుతావు?"

రేపు దీన్నీ ఎవడో అలాగే పిలుస్తాడు. ఇదీ చేతిలో పని వదిలేసి పరుగెడుతుంది. అలా పరుగెత్తడం నన్ను చూసే నేర్చుకుంటోంది. ఆ భయం ముందు టీచరూ, బడీ, ఆయన కోపం కూడా చిన్నవైపోయాయి.

అప్పుడే హాల్లోంచి ఆయన కేకేశారు. "ఏమే మొద్దూ, నా చార్జరెక్కడ?"

అలవాటు కొద్దీ సగం లేచాను. పిల్ల నన్నే చూస్తోంది. మళ్లీ కూర్చున్నాను.

"నిన్నే, చెవులు పనిచేయట్లేదా?"

కుర్చీ జరిగిన చప్పుడైంది. అడుగులు ఇటే వస్తున్నాయి. నోటుపుస్తకాన్ని పిల్ల ముందుకు జరిపాను.

"అవి కొట్టేసి పక్కన రాయమ్మా. తల్లి. లి కింద ల వత్తు మర్చిపోకు."