అ నుంచి క దాకా

డ్రైవింగ్ మాస్టారి గొంతు ఎంత పెద్దదంటే, ఆయన కారులో కూర్చుని "బ్రేకమ్మా, బ్రేకు!" అని అరిస్తే పక్క సందులో వెళ్ళే స్కూటరువాడు కూడా ఉలిక్కిపడి బ్రేకు తొక్కేవాడు. ఆ పేటలో బండి నడిపేవాళ్ళలో సగం మంది ఆయన తిట్లు తిని నేర్చుకున్నవాళ్ళే. అలాంటి గొంతులో గడ్డ లేచింది. డాక్టరు స్కానింగు ఫిల్ములు వెలుగుకి పట్టి చూసి, స్వరపేటిక తీసెయ్యాలన్నాడు. ప్రాణానికి ఢోకా లేదు గానీ మాట మాత్రం ఉండదన్నాడు.

మాస్టారు ఆ ఫిల్ములు అందుకుని కవరులో పెట్టుకున్నాడు. భార్య వైపు తిరిగి, "ఇంక నీదే రాజ్యమోయ్" అన్నాడు. ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆసుపత్రిలో రోగులకి మాట నేర్పే అమ్మాయి ఒక దారి చెప్పింది. ఆపరేషన్‌కి ముందే కావలసిన మాటలన్నీ ఆయన గొంతుతోనే కంప్యూటర్‌లో రికార్డు చేసి పెట్టుకోమంది. దానికో ప్రోగ్రాం ఇచ్చింది. తెర మీద మీటలు ఉంటాయి, మీట నొక్కితే ఆ మాట ఆయన గొంతుతోనే పలుకుతుంది.

మాస్టారు వెనక గదిలో కిటికీలు బిగించి, గోడలకి దుప్పట్లు వేలాడదీసి, మైకు ముందు కూర్చున్నాడు. ఒక్కో మాటకి ఒక్కో ఫైలు. ఆ మాటే ఫైలు పేరు. అన్నీ కలిపి "నా గొంతు" అనే ఫోల్డర్‌లో పెట్టాడు. మొదట్లో అవసరమైనవే చెప్పాడు. నీళ్ళు కావాలి, నొప్పిగా ఉంది, ఫ్యాను తగ్గించు. తర్వాత మనసు ఊరుకోలేదు. భార్య మీద విసుక్కోవడం, మళ్ళీ బతిమాలుకోవడం, వేరే ఊళ్ళో ఉన్న కూతుర్ని "బుజ్జీ" అని పిలవడం, ఆ పిలుపే కోపంగా ఒకసారి, గారంగా ఒకసారి. చివరికి ఉత్త నవ్వు కూడా రికార్డు చేశాడు. తలుపు అవతల నుంచి భార్య, "ఒక్కరే కూర్చుని ఆ నవ్వులేంటండీ, భయమేస్తోంది" అంది. అదీ అందులో పడింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయన ఆసుపత్రిలో ఉండగా ఇంటి తాళం బావమరిది దగ్గర ఉంది. బావమరిది పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తాడు. మనిషి మంచివాడే, చేతికే కాస్త తొందర ఎక్కువ. తన కంప్యూటర్ మొరాయిస్తే, బావ కంప్యూటర్ ఎలాగూ ఖాళీగానే ఉంది కదా అని ఎవరివో పెళ్ళి వీడియోలన్నీ తెచ్చి ఇందులో పోశాడు. డిస్కు నిండిపోయి, ఎంత నిండిందో చూపే గీత ఎర్రబడింది. చోటు కలిసొస్తుందని "నా గొంతు"ని జిప్ చేశాడు, అంటే ఒకే ఫైలుగా కుదించి మూట కట్టాడు. అసలు ఫోల్డర్ తీసేశాడు. పొరపాటున కూడా ఎవరి చెయ్యీ పడకూడదని ఆ జిప్‌ని కంటికి కనబడకుండా హిడెన్‌లో పెట్టాడు. బావ సొత్తు భద్రంగా దాచానని తృప్తి పడ్డాడు. ఆ సంగతి చెప్పడం మాత్రం మరిచిపోయాడు.

ఇంటికొచ్చాక మాస్టారు లేచి కూర్చోగలిగిన రోజున కంప్యూటర్ పెట్టించుకున్నాడు. మెడకి ఊపిరి గొట్టం, ఒంట్లో నీరసం. ప్రోగ్రాం తెరిచి మీట నొక్కితే, ఫైలు దొరకలేదని వచ్చింది. ఇంకో మీట, అదే మాట. ఫోల్డర్ కోసం వెతికాడు. పేరు కొట్టి వెతికించాడు. ఎక్కడా లేదు. రాసి చూపడానికి పెట్టుకున్న పలక అందుకుని, "నా గొంతు కనిపించడం లేదు" అని రాసి భార్యకి చూపించాడు.

ఆవిడ చదివి, పక్కన కూర్చుని ఆయన తల నిమిరింది. "తెలుసండీ. బాధగానే ఉంటుంది. డాక్టరుగారు చెప్పారుగా, నెమ్మదిగా అలవాటవుతుందని."

అది కాదన్నట్టు ఆయన తల ఊపాడు. కంప్యూటర్ వైపు వేలు చూపించాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఇప్పుడు అదెందుకు, పడుకోండి" అని తెర ఆపేయబోయింది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, పలక తుడిచి, "ఫోల్డర్" అని పెద్ద అక్షరాలతో రాశాడు. అప్పటికి గాని విషయం ఆవిడకి ఎక్కలేదు.

వెంటనే తమ్ముడికి ఫోన్ కొట్టింది. "ఒరేయ్, మీ బావ మాటలేమయ్యాయిరా?"

"ఎక్కడికీ పోలేదక్కా, నేనే దాచాను. బావని ఫోల్డర్ తెరవమను. పైన వ్యూ అని ఉంటుంది. అందులో హిడెన్ ఐటమ్స్ పక్కన టిక్కు పెట్టమను."

మాస్టారు టిక్కు పెట్టాడు. అప్పటిదాకా ఖాళీగా ఉన్న చోట, మంచులోంచి తేలినట్టు మసక మసకగా ఒక బొమ్మ కనిపించింది. పసుపు ఫోల్డర్, దాని నడుమ సంచికున్నట్టు జిప్పు. కింద "నా గొంతు". ఆయన రెండుసార్లు నొక్కాడు. పేర్లన్నీ వరసగా ఉన్నాయి. మొదటిదాని మీద నొక్కాడు.

"అక్కడే ఉండు, వస్తున్నా!"

గది అదిరింది. ఆవిడ ఫోన్ పట్టుకునే మంచం మీద కూలబడింది. చాలా రోజులకి విన్న గొంతు. ఎదురుగా ఉన్న మనిషి నోరు మూసుకునే ఉంది.

ఫోన్‌లోంచి తమ్ముడు, "అక్కా? మాట్లాడింది బావేనా?" అంటున్నాడు.

అయితే జిప్‌లో ఉన్నంతకాలం ఆ మాటలు మీటలకి ఎక్కవు. విప్పాలి. బావమరిది చెప్పినట్టే 'ఎక్స్‌ట్రాక్ట్ ఆల్' నొక్కారు. పచ్చగీత కొంతదూరం పాకి ఆగింది. డిస్కులో చోటు చాలదని తెర మీద పెట్టె వచ్చింది. దాన్ని మూసేస్తే, మసక బొమ్మ పక్కనే అదే పేరుతో నిండు రంగులో కొత్త ఫోల్డర్ ఒకటి మిగిలింది. మాస్టారు తెరిచి చూశాడు. అందులో మాటలు అక్షరాల వరసలో దిగాయి. "అక్కడే ఉండు"తో మొదలై "కుడికి తిప్పండి" దగ్గర ఆగిపోయాయి. ఆ తర్వాతివన్నీ ఇంకా మసక బొమ్మలోనే ఉన్నాయి.

"ఇంకేం ముట్టుకోకండక్కా. రేపొచ్చి చోటు చేస్తాను" అన్నాడు బావమరిది.

అన్నట్టే మర్నాడు పొద్దున్నే వచ్చాడు. అప్పుడే గొట్టం శుభ్రం చేయించుకున్న మాస్టారు అలిసిపోయి మంచానికి ఆనుకుని ఉన్నాడు. పలక కంప్యూటర్ బల్ల మీద, అవతలి చివర ఉంది. బావమరిది కుర్చీ లాక్కుని, ఆయనకి వీపు పెట్టి కూర్చున్నాడు.

"చిటికెలో పని బావా" అంటూ నిండు రంగు ఫోల్డర్ తెరిచి గబగబా కిందికి జరిపాడు. "ఇదిగో, అన్నీ దిగిపోయాయిగా! మరి చోటు లేదంటారేంటి? ఓహో, ఈ జిప్ ఒకటి ఊరికే కూర్చుని చోటు తినేస్తోంది."

మాస్టారు మంచం పట్టె మీద అరచేత్తో కొట్టాడు.

"ఒక్క నిమిషం బావా."

ఆయన చప్పట్లు చరిచాడు. వంటింట్లోంచి భార్య, "వస్తున్నానండీ, పాలు పొంగుతున్నాయి" అంది. ఆయన అలవాటు కొద్దీ నోరు తెరిచి అరిచాడు. మెడ దగ్గర రంధ్రంలోంచి గాలి బుస్సుమంది, అంతే. ఆ గదిలో ఫ్యాను చప్పుడు దానికంటే పెద్దది. జీవితమంతా పక్క సీట్లో కూర్చుని, ఎదుటివాడి తప్పు ముందే పసిగట్టి కేక వేసినవాడు. కారులో అయితే ఆయన కాలి కింద కూడా ఒక బ్రేకు ఉండేది.

తెర మీద తెల్ల పెట్టె వచ్చింది. దీన్ని శాశ్వతంగా తీసెయ్యాలా అని అడుగుతోంది. మాస్టారు మంచం దిగి, కళ్ళు తిరుగుతున్నా రెండడుగులు వేసి బావమరిది చొక్కా కాలరు పట్టుకున్నాడు. బావమరిది వేలు అప్పటికే మీట మీద పడింది. మసక బొమ్మ మాయమైంది.

"ఏంటి బావా, గొట్టం నొప్పా?" అని బావమరిది వెనక్కి తిరిగాడు. బావ మొహం చూసి బిగుసుకుపోయాడు.

మాస్టారు పలక అందుకుని రాశాడు. "సగమే దిగాయి."

బావమరిది రీసైకిల్ బిన్ తెరిచాడు. ఖాళీ. పెద్ద ఫైలు కదా, ఆ చెత్తబుట్టలో కూడా చోటు తినకూడదని షిఫ్ట్ నొక్కి మరీ తీసేశాడాయె. "ఉండు బావా, ఉండు, పోయినవి తిరిగి తెచ్చే ప్రోగ్రాములున్నాయి" అంటూ నెట్‌లోంచి ఒకటి దించాడు. అది పనిచెయ్యకపోతే ఇంకోటి దించాడు. అది ఏవేవో ముక్కలు ఏరుకొచ్చి అదే డిస్కులో పోసింది. ఒక్కటీ తెరుచుకోలేదు. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది.

సాయంత్రం ముగ్గురూ కంప్యూటర్ పెట్టెని ఆటోలో వేసుకుని రిపేరు కొట్టుకి వెళ్ళారు. కొట్టతను విని, "తీసేశాక దీని మీద ఇంకేమైనా వేశారా?" అని అడిగాడు.

బావమరిది నేల చూస్తూ, "తిరిగి తెచ్చే ప్రోగ్రాము వేశాను. దొరికినవి కూడా అందులోకే దించాను" అన్నాడు.

కొట్టతను చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "తీసేసినా అవి కొంతకాలం అక్కడే ఉంటాయి సార్. ఆ చోట మీరే వేరేవి పోశారు. చూస్తాను గానీ, ఆశ పెట్టుకోకండి."

పెట్టె కొన్నాళ్ళు అక్కడే ఉంది. ఆశ పెట్టుకోవద్దన్నాడు కదా అని ఎవరూ మానలేదు. ఫోన్ మోగినప్పుడల్లా మాస్టారు భార్య మొహంలోకి చూసేవాడు. ఆవిడ "ఏదో కంపెనీవాళ్ళండీ" అని పెట్టేసేది. చివరికి కొట్టతనే పెట్టె తెచ్చిచ్చాడు. ఏమీ రాలేదన్నాడు. మళ్ళీ రికార్డు చేసుకోండి అనబోయి, మాస్టారి మెడ చూసి ఆగిపోయాడు.

మిగిలినవి మీటలకి ఎక్కించారు. అవును ఉంది, కాదు ఉంది. ఆకలేస్తోంది అనగలడు, నిద్ర వస్తోంది అనలేడు. భార్యని "ఏమోయ్" అని పిలవగలడు, కూతుర్ని "బుజ్జీ" అని పిలవలేడు. నవ్వు పోయింది. నొప్పి పోయింది, అంటే మాట మాత్రమే పోయింది. ప్రోగ్రాంలోనే ఒక మర గొంతు ఉంది, ఏది కొట్టినా చదువుతుంది. మాస్టారు ఒకసారి విని ఆపేయించాడు.

బావమరిది ఆ గుమ్మం తొక్కడం మానేశాడు. ఒకరోజు అక్క వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. అతను మంచం దగ్గర స్టూలు మీద కూర్చుని, "తిట్టు బావా. నాలుగు తిట్టి నీ కసి తీర్చుకో" అన్నాడు. అని, ఆ తిట్లు కూడా తనే పోగొట్టానని గుర్తొచ్చి తల దించుకున్నాడు.

మాస్టారికి కోపం ఉంది. లేదని అబద్ధం చెప్పేటంత పెద్ద మనసు ఆయనకి రాలేదు. కానీ మొన్నటిదాకా భుజాల మీద ఎక్కించుకు తిప్పిన పిల్లాడిలా అతను అలా ముడుచుకుని కూర్చుంటే చూడలేకపోయాడు. పలక మీద "పర్వాలేదు" అని రాశాడు.

బావమరిది చదివి తలెత్తాడు. "నిజంగానా బావా? మనసులోంచేనా?"

పలక ఏం చెబుతుంది? సుద్ద గీతల్లో కోపమూ లేదు, ఓదార్పూ లేదు. మాస్టారు కంప్యూటర్ దగ్గరికి జరిగి, ఉన్న మాటల్లో వెతికాడు. అ, ఆ, ఇ దాటి క దాకా వచ్చాడు. "కంగారు పడకు" అని ఒకటి దొరికింది. నొక్కాడు.

"కంగారు పడకు!"

అది బండి నేర్పేటప్పటి కేక. స్టీరింగు వదిలేసిన శిష్యుడి మీద విరుచుకుపడే గొంతు. బావమరిది స్టూలు మీద ఉలిక్కిపడ్డాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాస్టారు కంగారుగా శబ్దం బాగా తగ్గించి మళ్ళీ నొక్కాడు. ఈసారి అదే కేక ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

"సరే బావా" అన్నాడు బావమరిది, మెల్లిగా. తిట్టాడనుకున్నాడో, ఓదార్చాడనుకున్నాడో, మాస్టారికి తెలియలేదు. అడగడానికి పలక తీసుకున్నాడు గానీ, ఏమని రాయాలో తోచక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.