పెరగని కొలతలు

"అక్కా, ఈ వయసులో నీకు ఎమ్మెల్యే పిచ్చేంటి? నామినేషన్ వెనక్కి తీసుకో. లేకపోతే ఫ్యాక్టరీలో నా ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు తమ్ముడు.

ఆమె పుట్టిపెరిగిన వీధిలోనే బడిపిల్లలకు యూనిఫాంలు కుట్టే దర్జీ. కాలువగట్టున ఉండే తల్లులు "పాతదే సరిపోతోంది" అంటుంటే, చేతిలో డబ్బాడక అంటున్నారనుకుంది మూడేళ్లు. మొన్న ఉచితంగా కుడదామని పిల్లలకు టేపు పెట్టి చూస్తే, ఒక్కొక్కరికీ మూడేళ్ల కిందటి కొలతలే వచ్చాయి. వాళ్లు తాగేది ఫ్యాక్టరీ మురుగు కలిసిన కాలువ నీళ్లే. అర్జీ పట్టుకెళ్తే ప్రతి అధికారీ అది అసెంబ్లీలో తేలాల్సిన సంగతన్నాడు.

"ఉద్యోగం పోతే నా ఇంట్లో తినరా. ఆ పిల్లల ఎత్తు ఎవరు తెచ్చిస్తారు?"

"అయితే నాకు అక్క లేదనుకుంటా," అంటూ తమ్ముడు చెప్పులేసుకున్నాడు.

వెనక్కి పిలిచే మాట నోటిదాకా వచ్చింది. పిలిస్తే మెత్తబడిపోతానని భయపడి, ఆమె గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది.