తేటపడ్డ సీసా

సముద్రపు నీళ్ళలో బతికే, కంటికి ఆనని నాచును సీసాల్లో పెంచే పరిశోధనశాల అది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అక్కడ సీసాలు కడిగి, ఉప్పునీళ్ళు వడకట్టి, నాచుకు నీళ్ళు మార్చే ఆవిడను అందరూ సీసాలత్త అనే పిలిచేవారు. ఆవిడ చేతిలో పడ్డ సీసా కడిగిన ముత్యమే.

తలుపు పక్కన ఒక నల్లబల్ల ఉండేది. ఏ సీసాలో నాచు చచ్చినా, ఎవరి చేతిలో చచ్చిందో, ఎందుకు చచ్చిందో దాని మీద రాయాలి. పెద్ద పెద్ద చదువులవాళ్ళ పేర్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆ బల్ల ఎక్కినవే. పెద్దసారు పేరయితే మూడుసార్లు ఎక్కింది. సీసాలత్త పేరు ఒక్కసారి కూడా లేదు. ఇంకో నెలలో ఆవిడ ఉద్యోగం పూర్తవుతుంది. ఆ పేరు బల్ల ఎక్కకుండానే ఇంటికి వెళ్ళాలని ఆవిడ పంతం. ఆ గొప్ప రోజూ చెప్పి మొగుడి చెవుల్లో ఇల్లు కట్టుకునేది.

ఒక సోమవారం పొద్దున కోడలి సీసా తేటపడి ఉంది. కోడలు కూడా అక్కడే పరిశోధకురాలు. గేటు లోపల అత్తాకోడళ్ళ వరసలు వద్దని అత్తే కట్టడి చేసింది. మూడు నెలలు పెంచిన నాచు, శనివారం నీళ్ళు మార్చినప్పుడు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నది, ఇప్పుడు తాగేనీళ్ళలా మెరుస్తోంది.

"సబ్బు పూర్తిగా వదలలేదు" అన్నాడు పెద్దసారు. సుద్దముక్క తీసి సీసాలత్త పేరు రాశాడు, పక్కన 'సబ్బు' అని రాశాడు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం లోకంలో ఉన్నదే. పెద్దసారు దుత్త మీద కోపాన్ని అత్త మీద చూపించాడు.

సీసాలత్తకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది గాని, మింగేసింది. "సబ్బో కాదో నేను తేలుస్తాను సార్. తొమ్మిది రోజులు ఆ సీసా ఎవరూ పారబోయకండి."

"ఎలా తేలుస్తారు?"

"పాలు తోడేసినట్టే. పెరుగు చుక్క పాలల్లో వేస్తే పాలన్నీ పెరుగవుతాయి. అందులోంచి ఇంకో చుక్క తీసి ఇంకో గిన్నెలో వేసినా తోడుకుంటుంది. సబ్బు అలా కాదు, చుక్కలో చుక్క తీసేకొద్దీ పలచబడిపోతుంది."

పెద్దసారు ఆ సీసాను తనే తీసి ఆవిడ చేతికిచ్చాడు.

తేటనీళ్ళలోంచి ఒక్క చుక్క తీసి ఆవిడ పచ్చటి సీసాలో వేసింది. పక్కనే ఇంకో పచ్చసీసాలో తన చేత్తోనే సబ్బునీళ్ళు పోసింది. మూడో రోజుకు రెండూ తేటపడ్డాయి. వాటిలోంచి చెరొక చుక్క తీసి మరో రెండింట్లో వేసింది. ఆరో రోజుకు సబ్బు చుక్క పడ్డ సీసా నవనవలాడుతూ పచ్చగానే ఉంది. రెండోది తేటపడింది. దాంట్లోంచి ఇంకో చుక్క తీసి ఇంకో పచ్చసీసాలో వేసింది. తొమ్మిదో రోజున మూడో తరం సీసా కూడా తేటపడింది.

కోడలు ఆ నీటికి మెరిసే రంగు కలిపి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. చూసి, లేచి అత్తకు కుర్చీ ఇచ్చింది. నల్లటి ఆకాశంలో చుక్కల్లా లెక్కలేనన్ని మెరుపులు కనిపించాయి.

"వైరస్‌లు" అంది కోడలు. "నాచులోకి దూరి, వందలుగా పెరిగి, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తాయి. పగిలిన నాచులోని సారమంతా నీళ్ళలో కలిసి బాక్టీరియాకి తిండవుతుంది. సముద్రంలో రోజూ జరిగేది ఇదే. ఇవి లేకపోతే ఒక్క రకం నాచే పెరిగిపోయి మిగతావాటికి చోటుండదు."

"చంపేవీ అవే, వడ్డించేవీ అవే అన్నమాట" అంది సీసాలత్త. "మరి నా సీసాలోకి ఎలా వచ్చాయి?"

జవాబు పెద్దసారుకు తట్టింది. నీళ్ళు మార్చిన ఆ వారమే తీరంలో పచ్చగా పొంగిన సముద్రం ఉన్నట్టుండి తేటపడింది. శనివారం కోడలి సీసాలో పోసినవి ఆ నీళ్ళే. మరిగిస్తే ఉప్పులు అడుగున పేరుకుంటున్నాయి, ఈసారికి వడకట్టి పోస్తే చాలని చెప్పింది తనే. ఆ జల్లెడ బాక్టీరియాను ఆపుతుంది గాని వైరస్‌ను ఆపదు.

"తప్పు నాదే" అన్నాడు. "ఈ నాచుకి ఈ వైరస్ ఉందని ఇంతవరకూ మా ఎవరికీ తెలీదు. మీరు పట్టుకున్నారు." గుడ్డ తీసుకుని నల్లబల్ల దగ్గరికి నడిచాడు.

"ఆగండి సార్" అంది సీసాలత్త. ఆవిడ గొంతు ఆ గది పట్టనంతగా పెరిగింది. "పేరు అలాగే ఉంచండి. సబ్బు ఒక్కటి తుడవండి."

ఆయన సబ్బు తుడిచి, అక్కడ 'వైరస్‌ను కనిపెట్టారు' అని రాశాడు. కోడలు సుద్దముక్క అందుకుని, గేటు లోపలి కట్టడిని గాలికి వదిలేసి, ఆ పేరు కింద పెద్ద అక్షరాలతో 'మా అత్తయ్య' అని రాసింది.