గొంతు దాటని బంగారం

రాజక్కకు ఒళ్లు మండిపోతోంది. మొగుడు మొండయ్య మీద మంట. బొగ్గుబాయికి పోయే సైకిలును ఆ మహానుభావుడు గోడకు సరిగా ఆనించలేదు. ఎక్కబోయిన ఆరేళ్ల బిడ్డ సారక్క మీద అది పడి, హ్యాండిలు గొంతు కింద గుద్దింది. అత్త ఐలవ్వ మీద ఇంకా మంట. నెత్తురు కారలేదు, పిల్ల బెదిరింది అంతేనని ముంతెడు గంజి తాగించింది. ఏ దెబ్బకైనా ముందు గంజి పోయడమే ఆ ఇంటి వైద్యం. పొద్దుగూకేసరికి పిల్ల ఒళ్లు కాలిపోయింది. మెడ ఉబ్బింది. వేలితో నొక్కితే చర్మం కింద ఉప్పురాళ్లు నలిగినట్టు చిటపటలాడింది.

అన్నం దిగే గొట్టం లోపల చిరిగిందని దవాఖానలో డాక్టరు చెప్పాడు. మింగిందల్లా రొమ్ములోకి కారి చీము పడుతోందట. మెడ పక్కన కోసి చీముకు దారి చేశాడు, పాలు పోయడానికి పొట్టకు రబ్బరు గొట్టం వేశాడు. చిరుగు మానేదాకా నోట్లో చుక్క పడితే పిల్ల దక్కదన్నాడు.

చెప్పడం తేలికే. చూడవచ్చినవాళ్లు చేతులూపుకుంటూ వస్తారా? ఒకరు పాలు, ఒకరు కల్లు. దాహమని పిల్ల ఏడుపు. రాజక్క అందరినీ తరిమింది. కన్నతల్లా, రాకాసా అన్నారు. వాళ్ల నోళ్లు పడిపోను, అననీ అనుకుంది.

ఒకనాడు ఐలవ్వ కొంగుముడి విప్పి మేడారం బంగారం తీసింది. బంగారమంటే అమ్మవార్లకు అర్పించిన బెల్లమే. దాన్ని వద్దన్నవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. పిల్లకు పెట్టింది కూడా ఆ తల్లుల్లో ఒకరి పేరే. సారక్క ఆశగా నోరు తెరిచింది. రాజక్క చెయ్యి ఆ మూతి మీద ఫట్టున పడింది. బెల్లం నేల పాలైంది.

“తల్లులకు నేను జవాబు చెప్పుకుంట. నువ్వు తాపిన గంజి సాలలేదా అత్తా?”

ఐలవ్వ మర్నాటి నుంచి వార్డు గుమ్మంలో తానే కూర్చుని, వచ్చేవాళ్ల ముంతలు వెనక్కి పంపింది.

చాలా వారాలకు, లోపలి చిరుగు మానింది, ఇక నీళ్లు తాపమన్నాడు డాక్టరు. రాజక్క చెంచాడు నీళ్లు పెదవుల దాకా తెచ్చింది. సారక్క రెండు చేతులతో మూతి మూసుకుంది. ఎంత బతిమాలినా తియ్యలేదు. వేళ్ల సందుల్లోంచే తల్లితో అంది.

“నేనడగలే అవ్వా. కొట్టకు.”

ఇన్నాళ్లూ ఊరందరి మీదా రేగిన కోపం రాజక్కకు తన చేతి మీదికి తిరిగింది. నరికి పారేద్దామా అనిపించింది. చెంచా తీసుకుపోయి ఐలవ్వ చేతిలో పెట్టింది.

“నువ్వు తాపు అత్తా. నా చేతుల తాగుతలేదు.”