నలభై ఇంగ్లీషు మాటలు

రెండున్నరేళ్లు నిండినా నందిత సరిగా మాట్లాడటం లేదని నర్సరీ బడివాళ్లు పిలిపించి చెప్పిన రోజే నళిని నోటికి తాళం పడింది. వీధిలో తమిళం, పక్కింట్లో కన్నడం, ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఇన్నిటి మధ్య పిల్ల తికమకపడుతోందని, ఇకమీదట ఇంట్లో ఒక్క ఇంగ్లీషే మాట్లాడమని అక్కడి మేడమ్ చెప్పింది.

దేవేంద్ర ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. తమిళనాడు సరిహద్దు ఊరు హోసూరులో వాహనాల విడిభాగాలు చేసే కంపెనీలో అతనిది పదకొండేళ్ల ఉద్యోగం. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పలేక రెండుసార్లు సూపర్‌వైజర్ పని చేజార్చుకున్నాడు. కూతురికి ఆ గతి పట్టకూడదని అతని పంతం. అందులో తప్పేముందో నళినికి కనిపించలేదు. కనిపించలేదు కాబట్టే ఎదురు చెప్పలేకపోయింది.

ఆమెది వేప్పనపల్లి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగే అయినా పన్నెండో తరగతి దాకా తమిళంలో చదివింది. ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది గానీ నోట్లోంచి వచ్చేది కాదు. ఒకరోజు వేళ్లమీద లెక్కపెట్టుకుంది. కమ్, సిట్, ఈట్, నో, స్లీప్, గుడ్ గర్ల్... బిడ్డతో తాను వాడే మాటలు నలభై దాటలేదు. మూడో అంతస్తులోని ఆ రెండు గదుల్లో ఆ నలభై మాటలతోనే పొద్దు గడవాలి. బిడ్డ పడితే ఏమని ఓదార్చాలో తెలియక వీపు నిమిరి ఊరుకునేది. వాన పడితే "రెయిన్" అనేది. ఆ తరవాత చెప్పాలనిపించిందంతా గొంతులోనే ఉండిపోయేది. కడుపున పుట్టిన బిడ్డ ముందు, ఊరు కాని ఊరికి వచ్చిన చుట్టంలా ముడుచుకుని కూర్చునేది.

ఆరు నెలలు అలాగే గడిచాయి. ఫోన్‌లో పాటలు చూసి నందిత "ఎలిఫెంట్" అనింది, "పర్పుల్" అనింది. దాహమేస్తే మాత్రం తల్లి చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కుపోయేది.

ఒక శనివారం బడికి సెలవు. దేవేంద్ర మొదటి షిఫ్టుకు పోయాడు. నళిని పాలు పొయ్యిమీద పెట్టింది. అంతలో చినుకులు మొదలయ్యాయి. ఆరేసిన బట్టలు తీసుకోవడానికి బాల్కనీలోకి పరుగెత్తింది. నాలుగు బట్టలు తీసిందో లేదో, వెనక తలుపు మూసుకున్న చప్పుడు, ఆ వెంటనే గడియ పడిన చప్పుడు వినిపించాయి. నందిత ఈ మధ్యే ఆ అడ్డగడియతో ఆడటం మరిగింది. వెయ్యడం వచ్చింది. తియ్యడం రాదు. దాని పిడిని పైకి తిప్పి, పక్కకు లాగితేనే వస్తుంది.

తలుపు పక్కన కిటికీ ఉంది. కమ్ములు, వాటి వెనక దోమల జాలి. కమ్ములకు ముఖం ఆనించి చూస్తే నందిత తలుపు దగ్గరే నిలబడి నవ్వుతోంది. ఫోన్ లోపల మంచం మీద ఉంది.

"నందితా, ఓపెన్. ఓపెన్ ద డోర్."

నందిత నోరు పెద్దగా తెరిచింది. అన్నం ముద్ద పెట్టేటప్పుడు తప్ప నళిని ఆ మాట ఎన్నడూ వాడలేదు.

"అప్! అప్!" అంటూ గడియవైపు వేలు చూపించింది. నందిత రెండు చేతులూ పైకెత్తి, పాటలో బొమ్మలాగా గెంతింది. తరవాత చెప్పాల్సింది పుష్షో, పుల్లో నళినికే తేలలేదు. బ్యాంకు తలుపు మీద రాసి ఉన్నా ప్రతిసారీ ఆగి ఆలోచించుకునే మాట అది.

వంటింట్లో పాలు పొంగి సుయ్యిమన్నాయి. కాసేపటికి గ్యాసు వాసన కిటికీ దాకా వచ్చింది. పొంగిన పాలకు మంట ఆరిపోయిందని ఆమెకు అర్థమైంది. పిట్టగోడ మీదికి వంగి, కింద ఇంటి ఓనరు శ్రీరామప్పను కేకేసింది. ఆ ముసలాయన మెట్లెక్కి వచ్చి వాకిలి తలుపు బాదాడు. దానికి లోపలినుంచి పైన బోల్టు వేసి ఉంది. మళ్లీ కిందికి దిగి, ఇంటి ముందుకొచ్చి తలెత్తాడు.

"తలుపు పగలగొట్టేదానికి మనిషిని పిల్చుకొస్తానమ్మా. రవ్వంత సేపు ఓర్చుకో" అని వీధిలోకి పోయాడు.

ఆ బాదుడుకు నందిత బెదిరిపోయింది. బెదిరినప్పుడు అది దాక్కునే చోటు వంటింటి తలుపు మూల. అటువైపే నడిచింది.

"ఆడికి పోవద్దు తల్లీ! ఇట్లా దా. నా బంగారూ, అమ్మ ఈడుంది చూడు."

ఏ మాట వాడాలో ఆలోచించే వ్యవధి లేదు. నందిత ఆగింది. వెనక్కి తిరిగి కిటికీని చూసింది.

"దా, నా తల్లి దా. ఆ గడియ ఎత్తమ్మా."

నందిత కిటికీ దగ్గరికొచ్చి, తననే ఎత్తుకోమన్నట్టు రెండు చేతులూ చాపింది. ఆ చేతులకూ తన చేతులకూ మధ్య ఇనుప కమ్ములు. నళిని కన్నీళ్లు మింగుకుని బుర్ర పట్టుకుంది. ఈ బిడ్డ చేతులకు తెలిసిన మాటలేవి?

అప్పుడు స్నానాల గది గుర్తొచ్చింది. అక్కడ తలుపు మూసి, నీళ్ల చప్పుడులో ఆమె ఎప్పుడూ తెలుగే మాట్లాడింది. అదొక మాట్లాడటమని కూడా అనుకోలేదు. కొళాయి తిప్పు, చెంబు ముంచు, తువ్వాలు లాగు. ఒళ్లు తుడిచాక తువ్వాలు చెరో కొసా పట్టుకుని లాగడం ఇద్దరికీ రోజూ ఆట.

"నందూ, ఆ గడియ పిడి పట్టుకో. అదే. తిప్పు. కొళాయి తిప్పినట్ల తిప్పు."

నందిత పిడి పట్టుకుంది. "తిప్పు" అని గొణిగింది. పిడి పైకి లేచింది.

"ఇంక లాగు. తువ్వాలు లాగినట్ల, నా దిక్కు లాగు."

గడియ కొంచెం కదిలి ఇరుక్కుంది. మళ్లీ లాగింది, రాలేదు. మూడోసారి పిల్ల వెనక్కి కూలబడింది, గడియ వచ్చేసింది. నళిని తలుపు తోసుకుని దూరి, గ్యాసు కట్టేసి, కిటికీలన్నీ తీసి, బిడ్డను చంకనేసుకుని మెట్లు దిగింది. శ్రీరామప్ప వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చేసరికి ఆమె కింది మెట్టు మీద కూర్చుని ఉంది. నందిత తల్లి కొంగు పట్టుకుని "లాగు, లాగు" అంటోంది.

మధ్యాహ్నం దేవేంద్ర వచ్చి అంతా విన్నాడు. పాపను చాలాసేపు వదలలేదు. తరవాత స్క్రూడ్రైవర్ తెచ్చి ఆ గడియ ఊడబీకాడు. దాంతో అయిపోయిందన్నట్టు చేతులు కడుక్కున్నాడు.

నళిని వెళ్లి ఎదురుగా నిలబడింది. "ఇంకమీద నేను పాపతో తెలుగే మాట్లాడతాను. ఇంగ్లీషు మీరు నేర్పండి."

"బడిలో ఏమని చెప్పేది?"

"నేను చెప్తాను."

అతను తల వంచుకుని అన్నాడు. "నా మాదిరే అయిపోతుంది నళినీ."

నళిని బాల్కనీలో వదిలేసిన బట్టలు తీసుకురావడానికి పోయింది.

సోమవారం బడికి పోయి మేడమ్‌తో తమిళంలో చెప్పింది. ఆమె విని, డైరీలో ఇంగ్లీషులో ఒక వాక్యం రాసిచ్చింది. నళిని దారిలో మూడుసార్లు చదువుకుంది. తల్లి సహకరించడం లేదు అని దానర్థం. ఆ సాయంత్రం దేవేంద్ర దాన్ని చదివి, కింద సంతకం పెట్టి, డైరీ మూసేశాడు. అతను ఇంట్లో ఉన్నంతసేపూ ఆమె గొంతు దానంతటదే తగ్గిపోయేది. అతను పోయాక మాత్రం ఆగేది కాదు. బిడ్డకు వాన గురించి, తన ఊళ్లో మామిడిపూత గురించి, చిన్నప్పుడు తనను తరిమిన కోడిపుంజు గురించి చెప్పుకుపోయేది.

రెండు నెలలకు నందిత "అదేంది?" అనడం నేర్చింది. పావురాన్ని చూసి అదేంది, జల్లెడను చూసి అదేంది. చెప్పీ చెప్పీ నళినికి గొంతు బొంగురుపోయేది.

ఒక సాయంత్రం దేవేంద్ర పనినుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే అతని మెడలో వేలాడే కార్డును చూపించి నందిత అడిగింది. "అదేంది?"

"ఐడీ కార్డ్" అన్నాడు.

నందిత ఇంకా ఏదో చెబుతాడని అతని నోటివైపే చూస్తూ నిలబడింది. అతను భార్యవైపు ఒకసారి చూసి, పాప ముందు గొంతుకూర్చున్నాడు.

"ఇది మెడలో ఏసుకుంటేనే కంపెనీ లోపలికి పోనిస్తారమ్మా. మర్చిపోయి పోతిమా, గేటు కాడే నిలబెట్టేస్తారు."

"గేటు" అంది నందిత.

"ఊఁ, పెద్ద గేటు. ఇనప గేటు. దాని పక్కన ఒక తాత కూర్చోనుంటాడు..."

నళిని ఆ తాత సంగతి వినడానికి పొయ్యి తగ్గించింది.