పట్టా కింద పెట్టే చెక్కలు

మా మరిది వైనో కాఫీ కొట్టు కుర్చీలోంచి లేవకుండానే ఊళ్లో మంచు మీద నడిచే బండ్లలో, ఎవరి స్నోమొబైల్‌కి ఏ జబ్బు చేసిందో చెప్పేస్తాడు. ఒకడికి బెల్టు పోయిందంటాడు, ఇంకొకడి పెట్రోలు పాతదంటాడు. రోగం కుదిరిందా లేదా అని వెనక్కొచ్చి చెప్పినవాళ్లు లేరు కాబట్టి అతని మాట ఇంతవరకూ తప్పలేదు.

మార్చి నెలాఖరు ఆదివారం పొద్దున్నే అతనే నాకు ఫోన్ చేశాడు. గడ్డకట్టిన సరస్సు మీద, మంచుకి కన్నం చేసి చేపలు పట్టే గుడిసె పక్కన రెండు రోజులుగా నిలిపి ఉంచిన బండి కదలడం లేదట. ఇంజను స్టార్టవుతోందట, గట్టిగా అరుస్తోందట, బండిని నడిపే వెనక రబ్బరు పట్టా మాత్రం అంగుళం కూడా తిరగడం లేదట. అంతటితో ఊరుకుంటే బాగుండేది.

"మా అన్న సరిగ్గా చూసుకోలేదు వదినా. బేరింగు ఎప్పుడో మార్చాల్సింది," అన్నాడు.

వాళ్లన్న ఓన్నీ, అంటే నా మొగుడు, పోయి పదహారు నెలలైంది. ఆ బండీ అతనిదే, ఆ గుడిసే అతనిదే. గుడిసెని రెండు చలికాలాలు మా షెడ్డులో కూర్చుని సొంత చేతులతో కట్టుకున్నాడు. ఈ ఏడు రెండూ నేను చూసుకుంటానని వైనో పట్టుకుపోయాడు. చూసుకోవడమంటే ఇదన్నమాట.

మర్నాటి నుంచి వాన అన్నారు. వాన పడితే ఒడ్డు దగ్గర మంచు మెత్తబడిపోతుంది, ఆ తర్వాత గుడిసె నీళ్లపాలే. మిగతావాళ్లు పోయిన వారమే గుడిసెలు ఒడ్డెక్కించి, బండ్లు ట్రైలర్లమీద వేసుకుని పక్క ఊళ్లో స్నోమొబైల్ పందేలకు వెళ్లిపోయారు. మా వైనో మాత్రం ఇంకో రెండు చేపలు పడతాయని ఆగాడు. ఇక ఆ గుడిసెని లాగడానికి ఊరు మొత్తానికి మిగిలింది కదలని ఈ ఒక్క బండే.

నేను గునపం, టార్పాలిన్ భుజాన వేసుకుని మంచు మీద నడిచి వెళ్లేసరికి కాలిన రబ్బరు కంపు కొడుతోంది. యాక్సిలరేటరు నొక్కి నొక్కి ఒక బెల్టు మాడ్చేశాడు, ఉన్న ఆఖరిది బిగించబోతున్నాడు. లాక్కుని కోటు జేబులో పెట్టుకున్నాను. అప్పుడే గుడిసె తలుపు పైన కొత్త దేవదారు చెక్క కంటబడింది. దానిమీద వైనో పేరు ఇంతింత అక్షరాలతో చెక్కి ఉంది. గుడిసె మీద యజమాని పేరు ఉండాలని మా దగ్గర రూలు. ఓన్నీ తన పేరు ఆ చోటే రాసుకున్నాడు.

"అన్న పేరు వెలిసిపోయింది వదినా. అధికారులొస్తే బాగోదని," అన్నాడు నా చూపు కనిపెట్టి.

ఒళ్లు మండింది. ముందు బండి సంగతి చూద్దామనుకున్నాను.

వెనక భాగం ఎత్తి చూశావా అని అడిగితే ఎత్తనక్కర్లేదు, అది బేరింగే అన్నాడు. బేరింగులు ఎన్ని రకాలో, ఏ కంపెనీవి మంచివో కూడా చెప్పాడు. అతను చెబుతుండగానే నేను వెనక కమ్మీ పట్టుకుని లాగాను. బండి పిసరంత కూడా లేవలేదు. శుక్రవారం ఎండకి నీరు నీరుగా ఉన్న మంచులో నిలిపాడు, రాత్రికి చలి బిగిసింది, పట్టా సరస్సుకి అంటుకుపోయింది.

"బేరింగు పోయిన బండి సరస్సుకి అతుక్కోదు వైనో," అన్నాను.

తడి మంచులో బండి ఆపాలంటే ముందు రెండు చెక్కలు పడేసి వాటిమీదికి ఎక్కించాలని మా ఊళ్లో పాలపళ్ల పిల్లలకి కూడా తెలుసు. ఓన్నీ ఓకు చెక్కలు రెండు, జారకుండా పాత తివాచీ ముక్క మరలతో బిగించి, ఈ పనికే ఉంచాడు. చెక్కలేవి అని అడిగాను. గాలికి కొట్టుకుపోయాయన్నాడు. ఎత్తితే నా నడుము పట్టేసే చెక్కలవి. వాటిని లేపుకుపోయిన గాలి, పొగగొట్టం మీద రేకు టోపీని మాత్రం ముట్టుకోలేదు.

గ్యాస్ హీటరు కోసం గుడిసెలోకి వెళ్లాను. పొయ్యి కింద బూడిద సొరుగు నిండిపోయి ఉంది. వేలితో కెలికితే మరలు దొరికాయి, పదహారు. అరచేతిలో పోసుకుని బయటికొచ్చి అతనికి చూపించాను.

"చలేసింది వదినా. కట్టెలైపోయాయి, హీటరు గ్యాసు దండగెందుకని. ఒడ్డుకెళ్తే ఈలోగా చేప పడుతుందేమోనని..."

"పడిందా?"

"లేదు."

తర్వాత కెటిల్‌తో మరిగే నీళ్లు తెచ్చాడు, పట్టా మీద పోస్తానని. ఆ చలికి అవి ఐదు నిమిషాల్లో మళ్లీ గడ్డకట్టి కూర్చుంటాయి. వాటితో కాఫీ పెట్టమన్నాను. ఆ రోజు అతను చేసిన పనికొచ్చే పని అదొక్కటే. రబ్బరు తెగకుండా గునపంతో చుట్టూ కొట్టి, ఇద్దరం కలిసి బండిని పక్కకి పడుకోబెట్టాం. లోపల చక్రాల మధ్య మంచు రాయిలా కూరుకుపోయి ఉంది. టార్పాలిన్ కప్పి లోపల హీటరు పెట్టాను. గంటన్నర సేపు టార్పాలిన్ అంచు పట్టుకుని కూర్చోమంటే కిక్కురుమనకుండా కూర్చున్నాడు. ఆఖరికి నాలుగు తన్నులు తంతే మంచు పెళ్లలు పెళ్లలుగా రాలింది.

చేత్తో తిప్పాను. ఓన్నీ పెట్టిన గ్రీజు ఇంకా ఉంది, బేరింగు చప్పుడు లేకుండా పట్టా మెత్తగా తిరిగింది. వైనోని కూడా తిప్పి చూడమన్నాను. తిప్పాడు. బేరింగుల గురించి మళ్లీ ఎత్తలేదు.

బండిని నిలబెట్టాలి, బెల్టు వెయ్యాలి, గుడిసె కింద మంచు కొట్టాలి. గంట పని. తడి పట్టాని మంచు మీద దించితే కథ మళ్లీ మొదటికొస్తుంది. కింద పెట్టడానికి చెక్క కావాలి. కాల్చకుండా మిగిలిన చెక్క అక్కడ ఒక్కటే ఉంది.

స్క్రూడ్రైవరు తీసుకుని తలుపు దగ్గరికెళ్లాను. వైనో వదినా వదినా అంటూ వెంటబడ్డాడు గానీ అడ్డురాలేదు. నాలుగు మరలూ తీశాను, చెక్క ఊడొచ్చింది. దాని కింద ఓన్నీ పేరు నల్ల రంగులో, నిన్న రాసినట్టుంది. ఒక్క అక్షరం పెచ్చు లేవలేదు.

"వెలిసిపోయిందన్నావు," అన్నాను.



చెక్కని వైనో పేరు పైకి వచ్చేలా పట్టా కింద వేసి బండి దించమన్నాను. దించాడు. పట్టా సరిగ్గా అక్షరాల మీద కూర్చుంది.

సాయంత్రం నాలుగింటికల్లా గుడిసె మా పెరట్లో ఉంది. తన షెడ్డే దగ్గరని దారిలో రెండుసార్లు అన్నాడు, బండి నడిపేది నేను కాబట్టి వినబడలేదు. వెళ్లేముందు గుమ్మంలో తచ్చాడి, తన చెక్క ఇచ్చెయ్యమన్నాడు.

"బండి కింద ఉంది. వచ్చే చలికాలం దాకా అక్కడే ఉంటుంది," అన్నాను.