ఆది జాకెట్టు అడగని నాగరత్నం

నేను ఒక కొలతల టేపుని. అరవై అంగుళాల పొడవు, పసుపు రంగు. మెడలో వేసుకుంటారు కాబట్టి నగనేమో అని మొదట్లో మురిసిపోయాను. చీరాలలో నన్ను కొన్న నాగరత్నం ఆడవాళ్ల జాకెట్లు కుడుతుంది. మిగతా దర్జీలందరూ "ఆది జాకెట్టు తెచ్చావా?" అని అడుగుతారు. కొలతకు పాత జాకెట్టు అడగడం నాగరత్నానికి నామోషీ. ఒక్కసారి నాతో కొలిచిందంటే ఆ అంకెలు ఏళ్ల తరబడి ఆమె బుర్రలోనే ఉండేవి. మనుషులకు దేనిమీద పొగరుంటుందో, దెబ్బ సరిగ్గా అక్కడే తగులుతుంది!

నాగరత్నానికి రొమ్ము క్యాన్సరు వచ్చింది. ఆపరేషనూ, ఆరు కీమోలూ అయ్యేదాకా నేను మేకుకు వేలాడాను. జుట్టు మళ్లీ మొలిచాక అందరూ "గండం గడిచింది" అన్నారు. నేనూ నమ్మాను, పిచ్చిదాన్ని.

మళ్లీ కుట్టుపని మొదలెట్టాక, నాతో కొలిచి, కత్తెర దగ్గరికి నాలుగడుగులు వేసేలోపు అంకె ఎగిరిపోయేది. మళ్లీ కొలిచేది. మళ్లీ మరిచేది. చివరికి విజయభారతి టీచరు కూతురి పెళ్లి జాకెట్టుకు, పట్టుగుడ్డ తిరగేయడం మరిచి, రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పు అది.

"ధ్యాస ఎక్కడ పెట్టావే?" అన్నాడు భర్త సాంబయ్య.

"అదే తెలవట్లేదయ్యా. నాకు పిచ్చి పడతందేమో" అని నన్ను పిడికిట్లో నలిపి ఏడ్చింది.

"పిచ్చి కాదమ్మా" అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ. "కీమో తర్వాత కొందరికి మతిమరుపు, ధ్యాస నిలవకపోవడం ఉంటాయి. చాలామందికి మెల్లగా తగ్గుతుంది. ఈలోపు అన్నీ రాసుకో."

మందుబిళ్ల ఇచ్చుంటే సంతోషించేది. రాసుకోమనేసరికి ముఖం మాడ్చుకుంది.

మర్నాడు టీచరు వచ్చింది. "చెడగొట్టానండీ. ఇంకెవరికైనా ఇచ్చుకోండి" అంది నాగరత్నం.

"ఇంకో చేతికి గుడ్డ ఉందిగా. మా పిల్ల నువ్వు కుడితేనే తొడుక్కుంటానంటంది, నేనేం చేసేది?"

కత్తిరించిన మిగతా ముక్కల మీద కూడా నాగరత్నానికి నమ్మకం లేదు. నన్ను వేలికి చుడుతూ, విప్పుతూ చాలాసేపు కూర్చుంది. నాకే విసుగొచ్చింది. ఆఖరికి తలెత్తకుండా అడిగింది.

"ఆది జాకెట్టు... ఏదైనా ఉందా అండీ?"

టీచరు సంచిలోంచి తీసి బల్లమీద పెట్టింది. మూడేళ్ల కింద ఆ పిల్లకి నాగరత్నం కుట్టిందే. లోపలి అంచు తిరగేసి, తన కుట్టును వేలితో మెల్లగా నిమిరింది నాగరత్నం. తర్వాత నన్ను పరిచి, ఒక్కో అంకె పైకి చదువుతూ కాగితం మీద రాసుకుంది. మరిచిపోయినవన్నీ ఆ జాకెట్టులోనే ఉన్నాయి.

నా మొదటి నాలుగంగుళాల అంకెలూ ఎప్పుడో చెరిగిపోయాయి. నేనూ అలిసిపోయాను. అయినా రాయడం అయ్యాక, ఆమె నన్ను మేకుకు తగిలించలేదు. మెడలోనే వేసుకుంది.